నిషిద్ధాక్షరి – సూచితపదము

అవధాన సభలో సమస్యాపూరణమునకు చప్పట్లు మ్రోగును. అప్రస్తుత ప్రసంగమునకు నవ్వులు విరియును. నిషిద్ధాక్షరి వంతు వచ్చినపుడు మాత్రము సభ ఊపిరి బిగబట్టి కూర్చుండును. తక్కిన అంశములలో పద్యము అవధాని మనస్సులో రూపుకట్టిన తరువాత పాదము పాదముగా వెలికి వచ్చును. నిషిద్ధాక్షరిలో అది అక్షరమక్షరముగా, అందఱి యెదుటను, త్రోవ మార్చుకొనుచు పుట్టును.

ఆ ఆట తీరు చూడని విద్యార్థుల కొఱకు ఒక చిన్న ఉదాహరణము. సరస్వతీ స్తుతిని కందపద్యమున చెప్పుడని పృచ్ఛకుడు కోరెననుకొందము. అవధాని ‘వా’ అనెను. సభలోని వారిలో సగము మందికి ‘వాణి’ అను మాట అప్పటికే మనస్సున మెదలినది. పృచ్ఛకుడు వెంటనే ‘ణ’ కారము కూడదనును. అవధాని ఆ దారి విడిచి ‘క్కు’ అనును. ఇక ‘వాక్కులకు’ అనియో ‘వాక్కుల తల్లి’ అనియో రావలయునని తలచి పృచ్ఛకుడు ‘ల’ కారమును నిషేధించును. అవధాని ‘న’ అనును. ‘వాక్కున’ అయినది, కందమునకు తగిన భగణమును కుదిరినది. మరల పృచ్ఛకుడు ఆలోచనలో పడును. ఇట్లు అడుగడుగునకు మూయబడిన తలుపును తప్పించుకొని, తెఱచియున్న మఱియొక తలుపు వెదకుచు పద్యము సాగును.

ఇందు పృచ్ఛకుని విద్య సామాన్యమైనది కాదు. తెలుగులో ఏ అక్షరము వెంట ఏ అక్షరము వచ్చునో, ఏ దేవత పేరు వెంట ఏ విశేషణము నడచునో అతనికి కరతలామలకము కావలయును. తెలియనివాడు నిషేధించినచో అవధాని చిఱునవ్వు నవ్వి, తాను తలచిన మాటనే పూర్తి చేసికొని పోవును. పృచ్ఛకుని శక్తి యంతయు ఊహించుటలో నున్నది. ఆ ఊహను అతడు అడ్డుగోడగా నిలుపును.

ఇప్పుడు సభనుండి ఇంటికి వచ్చి జేబులోని ఫోను తీయుదము. ఎవరికో ఉత్తరము వ్రాయవలసియున్నది. ‘మీరు’ అని వ్రాసినంతనే మీటల పైనున్న పట్టీలో మూడు మాటలు నిలిచి యుండును. వానిలో ‘ఎలా’ అనునది ఒకటి. దానిని వ్రేలితో తాకినచో ‘ఉన్నారు’ సిద్ధము. ‘జన్మదిన’ అని వ్రాసినవానికి ‘శుభాకాంక్షలు’ అని తానై వ్రాయుకొనవలసిన శ్రమ లేదు. యంత్రము ఎన్నియో లక్షల వాక్యములను చూచి, ఏ మాట వెంట ఏ మాట తఱచుగా వచ్చినదో లెక్క కట్టి యున్నది. ఆపైన ఫోను యజమాని స్వంత అలవాట్లను గూడ దినదినమును గమనించుచున్నది. అది చేయుచున్న పని పృచ్ఛకుని పనియే. రాబోవు దానిని ఊహించుట. అయితే పృచ్ఛకుడు తాను ఊహించిన మాటను వలదనును. ఫోను తాను ఊహించిన మాటనే గైకొమ్మనును. ఒకే తెలివి అచ్చట గోడయైనది, ఇచ్చట జారుడుబల్ల యైనది.

జారుడుబల్లపై కూర్చున్నవాడు ఎచ్చటికి చేరును? 2020లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు కొందఱు ఈ విషయమునే పరీక్షించిరి. కొన్ని చిత్రములను చూపి, ఒక్కొక్క దానిని వర్ణించుచు ఒక వాక్యము వ్రాయుడని జనులను కోరిరి. కొన్ని మాఱులు యంత్రము మాటలను సూచించుచుండెను. కొన్ని మాఱులు సూచన లేకుండెను. సూచనలతో వ్రాసిన వాక్యములు పొట్టివయ్యెను. యంత్రము ఊహింపజాలని మాటలు వానిలో తక్కువయ్యెను. చిత్రము అదియే, చూచిన కన్నులు అట్టివే; వాక్యము మాత్రము చిక్కిపోయెను. ఆ చిక్కిపోయిన భాగమున ఏమున్నదో ఆలోచింపవలయును. చిత్రములోని కుక్క కుంటుచున్నదనియో, గొడుగు పట్టిన ముసలమ్మ ఎండలో ఎవరినో వెదకుచున్నదనియో వ్రాయుటకు కావలసిన మాట పట్టీలో ఉండదు. దానికై ఒక క్షణము ఆగి చిత్రమును మరల చూడవలయును. పట్టీలోని మాట ఆ రెండవ చూపును అనవసరముగా చేసినది.

క్రొత్త పరికరము వచ్చినపుడెల్ల బుద్ధి చెడునని పెద్దలు భయపడుట మన దేశమున ప్రాతదియే. పాణినీయ శిక్ష ఆఱుగురు అధమ పాఠకులను పేర్కొన్నది. రాగము తీయుచు చదువువాడు, తొందరపడువాడు, తల ఊపువాడు, అర్థమెఱుగనివాడు, గొంతు పెగలనివాడు; వీరితో పాటు వ్రాసియున్నదానిని చూచి చదువువాడును అందు చేరినాడు. నేటి బడిలో పుస్తకము తెఱచి చదువు విద్యార్థి యెవ్వడును ఆ శిక్ష దృష్టిలో ఉత్తీర్ణుడు కాడు! అయినను తాటాకు వచ్చెను; గంటము వచ్చెను; చీలిక పడకుండ ఆకుపై గీయుటకు అనువుగా మన అక్షరములు గుండ్రబడెనని లిపిని పరిశీలించినవారు చెప్పుదురు. మాటకు మాటకు నడుమ ఎడము విడువని ఆ తాటాకు వ్రాతను చదువుటకు పైకి చదువక తప్పెడిది కాదు. చెవి విని మాటను విఱువవలసి యుండెను. అచ్చు వచ్చి ఎడము విడిచెను. పెదవి కదలకయే చదువు సాధ్యమయ్యెను. ఇదియు ఆలోచనలో ఒక మార్పే. కాని అచ్చు వచ్చినంత మాత్రమున ధారణ చచ్చిపోలేదు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వేంకటగిరి మొదలగు సంస్థానములు తిరిగి శతావధానములు చేసినది ముద్రణాలయములు వెలసిన తరువాతనే. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో పుట్టినవారు. వారి చుట్టును పత్రికలును, అచ్చు పుస్తకములును ఉండనే ఉండెను.

కనుక ఫోనును చూచి యుగాంతమని గుండెలు బాదుకొనుట తెలివి కాదు. కాని తాటాకునకును దీనికిని గల భేదమును చూడకుండుటయు తెలివి కాదు. తాటాకు మనుష్యుడు తలచినదానిని దాచెను. మఱచుటకు అది వీలు కల్పించినదనుట సత్యమే. 2011లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, కొన్ని చిన్న విషయములను యంత్రమున వ్రాయించి, సగము మందికి అది భద్రముగా నుండుననియు, సగము మందికి తుడిచివేయబడుననియు చెప్పిరి. తుడిచివేయబడునని నమ్మినవారికే ఎక్కువగా జ్ఞాపకమున్నది. ఎచ్చటనో ఉన్నదను ధీమా జ్ఞాపకమును సోమరిగా చేయునని దీని భావము. ఇంతవరకు తాటాకును, పుస్తకమును, ఫోనును ఒకే జాతి. అయితే తాటాకు ఏనాడును గంటము పట్టినవానితో ‘తరువాతి మాట ఇదిగో’ అనలేదు.

సిద్ధముగా నున్న మాటలు మనకు క్రొత్త కాదనవచ్చును. నిజమే. పండుగలకును పెండ్లిండ్లకును తంతి కార్యాలయమున అచ్చువేసిన శుభాకాంక్షల పట్టిక ఉండెడిది. ఒక్కొక్క వాక్యమునకు ఒక్కొక్క అంకె. పంపువాడు అంకె వ్రాసిన చాలును; ఆవలి ఊరిలోని గుమాస్తా అంకెను వాక్యముగా మార్చి పంపెడివాడు. 2013 జులైలో మన దేశమున తంతి సేవ ముగిసినంతవరకు ఎందఱో వధూవరులు ఆ అంకెల ఆశీస్సులనే అందుకొనిరి. ఉత్తరములలో మాత్రము తక్కువయా? పెద్దవారికి ‘నమస్కరించి వ్రాయునది’, చిన్నవారికి ‘ఆశీర్వదించి వ్రాయునది’, ఆపైన ‘ఉభయకుశలోపరి’. ఇవన్నియు మూసలో పోసిన మాటలే. అయితే ఉత్తరమున ‘ఉభయకుశలోపరి’ అయిన తరువాత కలము ఒక్క క్షణమాగెడిది. మూస అయిపోయినది, ఇక చెప్పవలసినది చెప్పవలయును. గేదె ఈనినదియు, చిన్నపిల్ల నీళ్ళాడినదియు, పడమటి గది గోడ వానకు కూలినదియు, అప్పు ఇచ్చినవాడు మరల వచ్చి అరుగుపై కూర్చున్నదియు ఆ క్షణము తరువాతనే వచ్చెడివి. కార్డున చోటు చాలక అంచుల వెంట, చిరునామా ప్రక్కన, తలక్రిందులుగా వ్రాసిన వాక్యములే తఱచుగా ఆ ఉత్తరములోని ప్రాణములు. ఫోను పట్టీకి ‘ఉభయకుశలోపరి’ దాటు చోటు లేదు. ఒక మూస ముగియుసరికి మఱియొక మూస సిద్ధము.

దీని ఫలము మరణవార్తల దగ్గఱ కన్నులకు కట్టును. ఒక ఇంట తండ్రి పోయెనని తెలియగనే బంధువుల బృందమున వరుసగా ‘ఓం శాంతి’, ‘ఆర్.ఐ.పి.’, చేతులు జోడించిన బొమ్మ. నలువది మంది వ్రాసినను ఒక్కరే వ్రాసినట్లుండును. వ్రాసినవారికి దుఃఖము లేదని కాదు. వారిలో ఒకనికి పోయిన పెద్దాయన సైకిలు త్రొక్కుట నేర్పి యుండును. ఒకామె పెండ్లికి ఆయన బియ్యపు బస్తాలు మోయించి యుండును. ఆ మాట వ్రాసినచో చదువు కొడుకు ఏడ్చి యుండును, ఏడ్చి తేఱుకొని యుండును. కాని దుఃఖము నోటికి వచ్చుటకు కొంత వ్యవధి కావలయును. ఆ వ్యవధిలోనే బొమ్మ వచ్చి నిలిచినది. తాకిన పని తీఱినది. మనస్సులోని సైకిలు మనస్సులోనే నిలిచిపోయినది.

ఊహ అక్షరముల దాక దిగినది. ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాయు యువకులు నేడు లెక్కకు మిక్కిలి. యంత్రములలో తెలుగు లిపి సులభముగా దొరకని 1990ల నాడు దూరదేశములలోని తెలుగువారు ఈ పనికి ఒక క్రమము ఏర్పఱచుకొనిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయము పేరున ప్రసిద్ధమైన ఆ పద్ధతిలో చిన్న ‘టీ’ త కారమునకు, పెద్ద ‘టీ’ ట కారమునకు గుర్తు. ణ, ళ లకును పెద్ద అక్షరములే. వ్రాయువాడు ప్రతి మాటకును ఇది తయా, టయా అని తేల్చుకొనవలసి యుండెను. నేటి వ్రేళ్ళకు ఆ ఓపిక లేదు. ‘కే, ఓ, టీ, ఐ’ అని కొట్టినచో అది కోటియో కోతియో యంత్రము తేల్చవలయును. ‘పీ, ఏ, టీ, ఏ’ అనునది పాటయా, పాతయా? ‘కే, ఏ, ఎల్, ఏ’ కలయా, కళయా? యంత్రము తఱచుగా వచ్చుదానిని ముందు నిలుపును. భేదమెఱుగని బాలుడు ముందున్నదానిని తాకును. ఉపాధ్యాయులు ళ కారమునకై తరగతిలో పడు పాట్లలో కొంత భాగము ఈ పట్టీ పాపమే. పూర్తిగా దాని పాపమని అనరాదు. నాలుక ముందే జారియున్నది.

మాండలికముల గతి ఇంకను కఠినము. యంత్రము చదువుకొనినది వ్రాతలో విరివిగా దొరకు తెలుగును. ‘వచ్చిండు’ అని వ్రాయబోయిన తెలంగాణపు పిల్లవానికిని, ‘వస్తాండాడు’ అను రాయలసీమ వానికిని, ‘ఒగ్గేసినాడు’ అను శ్రీకాకుళపు వానికిని అది తఱచుగా పత్రికల మాటనే ముందు చూపును. కొన్ని యెడల వాని మాట క్రింద ఎఱ్ఱగీత గీయును. పట్టుపట్టి పదిమాఱులు వ్రాసినచో నేర్చుకొనును గాని పట్టుపట్టువారు కొందఱే. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) జనుల నోటి మాటను వ్రాతకెక్కించుటకు జీవితమంతయు పోరాడెను. ఆయనను ఎదిరించిన పండితులు కనీసము తమ పేర్లతో, తమ వాదములతో ఎదిరించిరి. ఎఱ్ఱగీతతో వాదించుట ఎట్లు?

ఇన్ని చెప్పి మేలు చెప్పకుండుట న్యాయము కాదు. చదువు రాని తల్లి ఒకప్పుడు కొడుకునకు ఉత్తరము వ్రాయింపవలెనన్న పొరుగింటి వానిని బ్రతిమాలవలసి యుండెను. తన కష్టమును వానికి చెప్పుకొనవలెను. కోడలి మాట వానియెదుట అనరాదు. వాడు వ్రాసినదేమో తెలియదు. ఇప్పుడామె ఫోనును నోటి దగ్గఱ పెట్టుకొని తన గొంతుతో తానే అమెరికాలోని కొడుకుతో మాటలాడి పంపుచున్నది. 2017 నుండి గూగులు మీటలపలకలో తెలుగున పలికిన మాట అక్షరములుగా మాఱుటయు సాధ్యమైనది. చూపు లేనివారికిని, చేతులు వణకు వృద్ధులకును ఇది వరము. ఇందు గమనింపదగినది, ఆ తల్లి మాటను యంత్రము ఊహించుట లేదు, వినుచున్నది. ఆమె నోట రాబోవు సామెత ఏదో దానికి తెలియదు, కొడుకునకును తెలియదు.

2022 నవంబరున చాట్ జీపీటీ అను యంత్రము లోకమునకు అందెను. ఒక మాట కాదు, లేఖయంతయు, వ్యాసమంతయు అది వ్రాసి ఇచ్చును. చూచువారికి ఇది వేఱు అద్భుతముగా తోచును గాని దాని మూలసూత్రము పట్టీలోని సూత్రమునకు దగ్గఱి చుట్టమే. ఇంతవరకు వచ్చిన వ్రాతను చూచి, తరువాత రాదగిన తునుకను ఊహించుట. దానిని చేర్చి మరల ఊహించుట. ఊహ పరిధి విశాలమైనది, నైపుణ్యము వేయింతలైనది. ‘మా గ్రామము’ అని వ్యాసము వ్రాసి తెమ్మన్నచో నేడు తరగతిలో పదిమంది అచ్చమైన భాషలో వ్రాసి తెత్తురు. ఆ పది గ్రామములలోను పచ్చని పొలములు, గలగల పారు సెలయేఱు, కలిసిమెలిసి బ్రతుకు ప్రజలు. నీళ్ళ ట్యాంకు వద్ద బిందెల తగవు లేదు. మూతపడిన రైసుమిల్లు లేదు. తప్పులు దిద్దుటకు ఎఱ్ఱసిరా కలము పట్టిన ఉపాధ్యాయునికి దిద్దుటకు ఏమియు దొరకదు. ఒకప్పుడు తప్పుల మధ్యనే పిల్లవాని ఊరు కనబడెడిది.

బమ్మెర పోతనను గూర్చి ఒక ఐతిహ్యము కలదు. గజేంద్రమోక్షణ ఘట్టమున వైకుంఠమును వర్ణింపబూని, పద్యము సగములో ఆగిపోయెనట. ఎన్నడు చూచినాడు వైకుంఠమును? గంటము సాగక, లేచి బయటికి పోయెనట. తిరిగి వచ్చి చూడగా పద్యము పూర్తియై యున్నది. ఎవరు వ్రాసిరని కూతురిని అడుగగా, ‘నీవే గదా వచ్చి వ్రాసితివి నాయనా’ అనెనట. భగవంతుడే ఆ రూపమున వచ్చెనని భక్తులు చెప్పుకొందురు. ఈ కథలో అందఱును కడపటి వింతనే తలతురు. దానికి ముందటి సంగతిని దాటిపోవుదురు. పోతన అంతటివాడు ఆగిపోయెను. తరువాతి మాట తోచక, తోచిన మాటను మెచ్చక, గంటము క్రింద పెట్టి వీథిలోనికి నడచెను. భక్తుల కథ ఆ ఆగిపోవుటను దాచలేదు. అది కవికి లోపమనియు తలపలేదు. పట్టీలో మూడు మాటలు ఎల్లప్పుడును మెఱయుచున్న చోట అట్లు ఆగి వీథిలోనికి పోవువాడెవడు?

నిషిద్ధాక్షరిని ఆడుటకు పద్యవిద్య లేకున్నను జరుగును. వచనమున, ఆఱవ తరగతి పిల్లలతోనైనను ఆడింపవచ్చును. ఒకరు లేచి వాక్యము మొదలుపెట్టవలయును. తక్కినవారు తరువాతి మాటను ఊహించి చెప్పవలయును. వారు చెప్పిన మాట కూడదు. నల్లబల్లపై వ్రాసి కొట్టివేసిన చాలును. ‘మా ఊరి చెఱువు’ అని ఒక బాలుడు ఆరంభించెననుకొందము. ‘నిండినది’ అని తరగతి అఱచును. కొట్టివేత. ‘ఎండినది’. అదియు కొట్టివేత. ‘పెద్దది’, ‘అందమైనది’, ‘లోతైనది’ వరుసగా బల్లపై పడి గీతల క్రింద నలిగిపోవును. బాలుడు నోరు తెఱచి మూయును. వెనుక బల్లవారు నవ్వుదురు. ఈ ఘట్టమున ఉపాధ్యాయుడు తొందరపెట్టరాదు, మాట అందీయరాదు; గంట కొట్టువేళ దగ్గఱపడినను సరే. కొంతసేపటికి బాలుడు నల్లబల్లనుండి చూపు మరల్చి కిటికీ వైపు చూచును. చెఱువు ఉన్నది ఆ వైపుననే.